పదకొండో గడి

ఎయిర్‌పోర్టుకు వెళ్లే బస్సు పక్కన నిలబడి ఒక మనిషి నన్నొక మాట అడిగాడు. "నాకు తెలీదు" అన్నాను.

నాకు తెలుసు. ఆ లేబర్ క్యాంపు మొత్తంలో ఆ సంగతి అందరికంటే బాగా తెలిసినవాణ్ని నేనే. అయినా తెలీదన్నాను. బస్సు వెళ్లిపోయింది. ఆ తర్వాత ఇన్నేళ్లలో ఆ మాటను సరిదిద్దే వీలు ఏ రోజైనా ఉంది. ఒక ఫోన్ చేస్తే చాలు. చాలా ఏళ్లపాటు నేను చేయలేదు.

పోయిన నెల ఇక్కడి తెలుగువాళ్ల సంఘం నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. వార్షికోత్సవంలో "ఆపత్కాలంలో టెక్నాలజీ" అనే విషయం మీద నేను ఇరవై నిమిషాలు మాట్లాడాలట. "కరోనా టైంలో క్యాంపు కోసం మీరు చేసిన యాప్ గురించి చెప్పండి సార్. మనవాళ్లకి ఇన్‌స్పిరేషన్‌గా ఉంటుంది" అన్నాడు. శాలువా కూడా కొని పెట్టారట. నాకు ఒళ్లు మండిపోయింది. పాపం ఆయన మీద కాదు. నన్ను పిలవదగ్గవాణ్ని అనుకునేలా ఇన్నాళ్లు తిరిగిన నా మీద. సన్మానానికి రానని చెప్పాను. మీ సంచికకి ఒక వ్యాసం ఇస్తానన్నాను. ఇదే ఆ వ్యాసం. వేస్తారో మానేస్తారో వాళ్ల ఇష్టం.

కరోనా వచ్చిన ఏడాది నేను సౌదీలోని జుబైల్‌లో ఒక కాంట్రాక్టు కంపెనీలో పనిచేసేవాణ్ని. పెట్రోకెమికల్ ప్లాంట్లు ఆపి మరమ్మతులు చేసే షట్‌డౌన్ పనులకి వెల్డర్లని, ఫిట్టర్లని, స్కాఫోల్డింగ్, అంటే పరంజాలు, కట్టేవాళ్లని పంపే కంపెనీ అది. అందులో ఐటీ విభాగం అంటే ముఖ్యంగా నేనే. కాపురం దమ్మామ్‌లో. మాది తూర్పు గోదావరి. నా భార్య దమ్మామ్‌లోనే ఒక ఆసుపత్రిలో నర్సు. ఆ రోజుల్లో ఆమె డ్యూటీ నుంచి వస్తే ముఖం మీద మాస్కు గీతలు పుండ్లలా ఉండేవి. నేను మాత్రం ఏసీ గదిలో కీబోర్డు ముందు కూర్చుని, నేనూ యుద్ధం చేస్తున్నాననుకునేవాణ్ని.

ఒక ఉదయం ఆపరేషన్స్ మేనేజర్ పిలిచాడు. ఆయనదీ మన హైదరాబాదే. అందర్నీ "గురూ" అనేవాడు.

"గురూ, మూడు రోజుల్లో ఒక యాప్ కావాలి. ప్రతి లేబర్ పొద్దున్నే తన ఫోన్‌లో టెంపరేచర్, దగ్గు, గొంతు నొప్పి ఎంటర్ చెయ్యాలి. ఏమీ లేకపోతే పచ్చ. పచ్చ చూపిస్తేనే బస్సు ఎక్కాలి. ఉంటే ఎరుపు. ఎరుపొస్తే క్యాంపు నర్సు దగ్గరికి. సింపుల్."

సింపులే. మూడు రోజుల్లో చేశాను. నాకు ఆనందంగా ఉండింది. ఆ మాట దాచను. నలుగురైదుగురు ఉండే గదుల్లో మనుషులు జబ్బు పడుతున్నారు. ఏదో ఒకటి చెయ్యాలి. నాకు చేతనైంది ఇదే.

చదవలేనివాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి యాప్ మాట్లాడేలా పెట్టాం. హిందీకి ఒకరు, బెంగాలీకి ఒకరు, తెలుగుకి నేను. మా ఇంట్లో బట్టల బీరువాలో తల పెట్టి, శబ్దం రాకుండా చీరల మధ్య ఫోన్ పట్టుకుని రికార్డు చేశాను. మొదట ఏం చెప్పాలో నా భార్యే చెప్పింది.

"వాళ్లు భయపడితే నిజం చెప్పరండీ. మా వార్డులో రోజూ చూస్తున్నాను. ముందు ఆ భయం తీయండి. మీరు చెప్పేది నర్సుకి తప్ప ఎవరికీ తెలీదని చెప్పండి."

"అలాగే చెబుతాను."

"చెప్పడం కాదు. చెప్పాక ఆ మాట మీద నిలబడాలి. అది ఉత్త మాట అయితే అసలు పెట్టొద్దు."

"నేను రాసిన ప్రోగ్రామే కదా. ఎవరికీ తెలీదు" అన్నాను.

అలా ప్రతి తెలుగు కార్మికుడి ఫోన్‌లో పొద్దున్నే నా గొంతు పలికేది. "భయపడకండి. మీరు చెప్పేది క్యాంపు నర్సుకి తప్ప ఇంకెవరికీ తెలియదు."

రెండో వారంలో ఇంకో ప్రశ్న చేర్చమన్నారు. ఎరుపు వచ్చినవాడు ఎవరెవరికి దగ్గరగా మెలిగాడో కావాలి. ఇంగ్లీషులో, హిందీలో "ఎవరితో దగ్గరగా ఉన్నారు" అని అడిగితే అందరూ "ఎవరితోనూ లేను" అని కొడుతున్నారు. మన తెలుగువాళ్ల సంగతి నాకు తెలుసు. వాళ్లని గది ఎవరితో అని అడిగితే లాభం లేదు. గది కంపెనీ ఇచ్చింది. మెస్ ఎవరితో అని అడగాలి. పది పన్నెండు మంది కలిసి ఒక మెస్ పెట్టుకుంటారు. వేరే వేరే గదుల నుంచి వచ్చి ఒకే చోట వండుకుని ఒకే చోట తింటారు. వంట వంతులు అట్టముక్క మీద రాసి ఫ్రిజ్‌కి అంటిస్తారు. గది మారినా మెస్ మారదు. అందుకని తెలుగులో ప్రశ్న ఇలా రికార్డు చేశాను: "మీరు ఎవరితో కలిసి తింటారు?"

దానికి ఎవడూ అబద్ధం చెప్పడు. కలిసి తిన్నవాణ్ని తినలేదనడం మనలో ఎవరి వల్లా కాదు. అది నాకు తెలుసు కాబట్టే అలా అడిగాను. పైగా ఆ తెలివికి మురిసిపోయాను. మేనేజర్‌తో గొప్పగా చెప్పుకున్నాను కూడా.

క్యాంపులో అలాంటి ఒక మెస్‌కి ఒక పెద్ద ఉండేవాడు. జగిత్యాల వైపు మనిషి, నాకంటే ఐదారేళ్లు పెద్ద. స్కాఫోల్డింగ్ పని. మెస్‌లో అందరూ ఆయన్ని పెద్దన్న అనేవాళ్లు. ఇఖామా, అంటే సౌదీలో ఉండనిచ్చే కార్డు, దాని రెన్యువల్ దగ్గర్నుంచి ఊళ్లో ఆధార్ కార్డు తప్పుల దాకా అందరి కాగితాలూ ఆయనే చూసేవాడు. నేను వైఫై రిపేరుకి క్యాంపుకి వెళ్లిన శుక్రవారాల్లో బలవంతంగా కూర్చోబెట్టేవాడు. "సార్, పచ్చిపులుసు ఉన్నది. మీ గోదారోళ్లకు పులుసంటే చాపలే కావాలె గానీ, జెర మాది గూడ తినుండ్రి." తినేవాణ్ని. ఆ చేతి వంట నాలుగైదేళ్లు తిన్నాను.

జూన్‌లో ఒక రోజు ఆయన నుంచి ఫోన్ వచ్చింది.

"సార్, మీ యాప్‌ల ఒక తక్లీఫ్ ఉన్నది."

"ఏంటన్నా?"

"నాకు రెండొద్దుల సంది దగ్గు. ఎర్రది పడ్డది. మంచిదే, నర్సు పిలుస్తడు. గానీ ఎవలతోని తింటవ్ అని అడుగుతుంది. మా మెస్‌ల నన్ను ఇడిసిపెడితే పదకొండు మంది. అండ్ల పది గడులే ఉన్నయ్. ఒక్కన్ని ఎట్ల ఇడువాలె చెప్పుండ్రి? రేపు వానికి జరమొస్తే, నేనే ఇడిసిన అన్నట్టు అయితది గద."

నాకు ఎంత ముచ్చటేసిందో! నేను తయారుచేసిన వస్తువుని ఇంత నమ్మకంగా, ఇంత శ్రద్ధగా వాడే మనిషి. "మధ్యాహ్నానికి సరిచేస్తానన్నా" అన్నాను. చేశాను. పది గడులని పదిహేను చేశాను. ఆయన పదకొండో నంబరు కొట్టాడు. పదకొండు మంది ఇఖామా నంబర్లూ ఆయన నోటుబుక్కులో వరసగా ఉన్నాయి, కాగితాలు చూసేది ఆయనే కనక.

అదే వారం మేనేజర్ మళ్లీ పిలిచాడు. షట్‌డౌన్ పనులు వాయిదా పడుతున్నాయి. మనుషుల్ని తగ్గించాలి. ఇండియాకి ప్రత్యేక విమానాలు వేస్తున్నారు, సీట్లు దొరుకుతున్నాయి. ఎవర్ని పంపాలో తేల్చాలి.

"గురూ, నీ యాప్‌లో క్లస్టర్లు ఉన్నాయి కదా. ఎరుపోళ్లు, వాళ్లతో తినేవాళ్లు. ఆ లిస్ట్ తీసి నాకివ్వు. వాళ్లని ఎలాగూ పద్నాలుగు రోజులు కూర్చోబెట్టాలి. కూర్చోబెట్టేది ఊళ్లో కూర్చోబెడదాం. ఫైనల్ ఎగ్జిట్."

ఫైనల్ ఎగ్జిట్ అంటే వీసా రద్దు చేసి శాశ్వతంగా ఇంటికి పంపేయడం.

"అది నర్సు కోసం తీసుకున్న సమాచారం సార్. ఎవరికీ చెప్పబోమని మాటిచ్చాం."

"ఎవరిచ్చారు?"

"యాప్‌లో ఉంది. నా గొంతుతో."

ఆయన నవ్వాడు. "అరే, గొంతేంది గురూ. క్రైసిస్‌లో ఉన్నాం. ఇది టెంపరరీ. అన్నీ సెట్ అయినాక నీ ప్రైవసీ గివసీ మాట్లాడుకుందాం."

"పోనీ ఆ మెసేజ్ అయినా మార్చనివ్వండి. కంపెనీకి కూడా తెలుస్తుందని చెబుతాను."

"మారిస్తే ఎవడన్నా నిజం చెప్తడా? నువ్వే ఆలోచించు."

అదీ అసలు సంగతి. నిజం చెప్పేది ఆ మాటని నమ్మి. ఆ మాట అబద్ధమని ఆయనకి తెలుసు, ఆ క్షణం నుంచి నాకూ తెలుసు. అలాగే ఉంచుదామని ఇద్దరం ఒప్పుకున్నాం. ఆయన నోటితో ఒప్పుకున్నాడు. నేను నోరు మూసుకుని ఒప్పుకున్నాను. నేను వద్దంటే నన్ను ఉరితీసేవాళ్లు కాదు. మహా అయితే నా పేరూ ఆ విమానం లిస్టులో చేరేది. నా భార్యకి ఉద్యోగం ఉంది, తిండికి లోటు లేదు. అయినా భయపడ్డాను. ఆఫీసు మనిషిని కదా, లేబర్ వెళ్లే బస్సులో వెళ్లడం నాకు నామోషీ. ఇది ఇప్పుడు రాస్తుంటే నా మీద నాకే ఉమ్మేసుకోవాలని ఉంది.

అప్పట్లో టైం లేదనేవాళ్లు, ఇప్పటికీ ఆ మేనేజర్ లాంటివాళ్లు అదే అంటారు. అంత హడావిడిలో మంచీ చెడూ చూసే తీరిక ఎక్కడిదని. శుద్ధ అబద్ధం. పచ్చ బటన్ లేత పచ్చ ఉండాలా, ముదురు పచ్చ ఉండాలా అని అదే వారంలో రెండు గంటలు మీటింగ్ పెట్టుకున్నాం. కంపెనీ గుర్తు స్క్రీన్ మీద కుడివైపా ఎడమవైపా అని ఒక పూట వాదించుకున్నాం. ఒక వాక్యం మార్చడానికి ఎంతసేపు? బీరువా తలుపు తీసి, చీరల మధ్య నిలబడి, "మీరు చెప్పేది కంపెనీకి కూడా తెలుస్తుంది" అని చెప్పడానికి అర నిమిషం. ఆ అర నిమిషం మాకు దొరకలేదట!

లిస్టు తీసి ఇచ్చాను. పేరు, ఇఖామా నంబరు, చేసే పని. చివర్లో ఒక గడి, "ఎవరు చెప్పారు" అని. సమాచారం ఎక్కడిదో రాసిపెట్టడం మా పనిలో మంచి అలవాటు. ఆ మంచి అలవాటు ప్రకారం పదకొండు పేర్ల ఎదురుగా ఒకే నంబరు పడింది. పెద్దన్న ఇఖామా నంబరు.

ఆయన పరీక్ష ఫలితం మర్నాడు వచ్చింది. కరోనా లేదు. మామూలు దగ్గు. పదకొండు మందిలో ఒక్కరికీ తుమ్ము కూడా లేదు. అయినా లిస్టులో ఉన్నారు. ఎందుకంటే నేను తయారుచేసిన ఆ కాగితంలో "ఎవరు చెప్పారు"కి గడి ఉంది గానీ, "పరీక్షలో ఏం తేలింది"కి లేదు. ఫలితం చేతికొచ్చాక నేను మేనేజర్‌కి మెయిల్ పెట్టాను. "నోటెడ్" అని జవాబొచ్చింది. ఆ జవాబు చాలు, నా బాధ్యత తీరిందనుకున్నాను. థూ.

పంపే రోజు పాస్‌పోర్టులు ఇవ్వడానికి హెచ్ఆర్ క్లర్కు క్యాంపు మైదానంలో బల్ల వేసుకుని కూర్చున్నాడు. జూన్ ఎండ, సముద్రం మీది ఉక్క. మాస్కులు తడిసి ముక్కుకి అంటుకుంటున్నాయి. బస్సులో ట్యాబ్లెట్ పెట్టి ఎక్కినవాళ్ల లెక్క తీసే పని నాది. పదకొండు మందిలో ఒకతను, స్కాఫోల్డింగ్ మానేసి క్రేన్ ఆపరేటర్ కార్డు కోసం తయారవుతున్నవాడు, క్లర్కుతో గొడవకి దిగాడు. వచ్చే నెలలోనే అతని కార్డు టెస్టు.

"నాకు దగ్గు లేదు, జరం లేదు. నా పేరు ఎవడిచ్చిండు?"

క్లర్కు విసుగొచ్చి కాగితం వాళ్ల వైపు తిప్పి చివరి గడి మీద వేలు పెట్టాడు. వాళ్లలో ఇంగ్లీషు చదవగలిగినవాళ్లు లేరు గానీ, ఇఖామా నంబరు పోల్చుకోవడానికి చదువు అక్కర్లేదు. పదకొండుసార్లు ఒకటే నంబరు. అది ఎవరిదో వాళ్లకి తెలుసు.

ఆ తర్వాత మైదానంలో ఎవరూ అరవలేదు. అదే నన్ను భయపెట్టింది. ఒక్కొక్కరే తమ పెట్టె తీసుకుని ఆయనకి దూరంగా జరిగి నిలబడ్డారు. అంతవరకు అందరి సామాన్లూ ఒకే కుప్పగా ఉన్నాయి. మెస్ పెద్ద కుక్కరు, దుప్పట్లో చుట్టింది, ఆయన పక్కన ఒంటరిగా మిగిలింది.

"పదేండ్లు పెట్టిన బువ్వకు ఇదా పెద్దన్నా?" అన్నాడొకడు. "నీకేమిచ్చిండ్రే కంపెనోళ్లు? నువ్వు గూడ పోతున్నవ్ గద, ఏం మిగిలింది?"

"నేను నర్సుకు చెప్పిన్రా. మందియ్యాలె గదా అని. నర్సుకు."

"నర్సు మనకు టికెట్ కొన్నడా?"

ఎవరో నవ్వారు. పెద్దన్న తల ఎత్తి అటూ ఇటూ చూశాడు. బస్సు మెట్ల దగ్గర నేను కనిపించాను. గబగబా వచ్చాడు.

"సార్, దేవునోలె కనవడ్డరు. వీళ్లకు ఒక్కసారి చెప్పుండ్రి. నేను కంపెనీకి పేర్లియ్యలేదని. నర్సుకు తప్ప ఎవలకు తెల్వదని ఫోన్‌ల చెప్పింది గద. మరి కంపెనీకెట్ల పోయినయ్?"

పదకొండు మందీ నా వైపు చూస్తున్నారు. అవతల బల్ల దగ్గర మేనేజర్ కూడా ఉన్నాడు. ఆయన ఫోన్‌లో మాట్లాడుతున్నాడు, నావైపు చూడటం లేదు కూడా. నా నోరు ఎవరూ నొక్కలేదు.

"లిస్టు హెడ్డాఫీసు నుంచి వచ్చిందన్నా. ఎలా వెళ్లాయో నాకు తెలీదు."

ఆయన నా ముఖం వైపే చూశాడు. మాస్కు పైన ఆ కళ్లు నాకిప్పటికీ గుర్తే.

"ఫోన్‌ల మాట్లాడింది మీరే గద సార్?"

"అది రికార్డింగ్" అన్నాను.

నా జీవితంలో నేనన్న అతి నీచమైన మాట అది.

"ఇన్నవా పెద్దన్నా" అన్నాడు ఆ క్రేన్ మనిషి. "సార్‌కు గూడ తెల్వదంట. ఇగ ఎక్కు."

ఆయన కుక్కరు ఎత్తుకుని బస్సెక్కాడు. ముందు సీట్లో ఒక్కడే కూర్చున్నాడు. దూరం దూరంగా కూర్చోవాలని ఆ రోజుల్లో రూలు. కానీ ఆయన పక్క సీట్లే కాదు, వెనక రెండు వరసలు కూడా ఖాళీగానే ఉన్నాయి. నేను ట్యాబ్లెట్‌లో పన్నెండు టిక్కులు పెట్టాను.

ఏడాది చివర్లో కంపెనీ ఆ యాప్ చేసినందుకు నాకొక షీల్డు ఇచ్చింది. మేనేజర్ చప్పట్లు కొట్టాడు. నేను ఫోటోలో నవ్వుతూ ఉన్నాను. నా భార్య ఆ షీల్డుని హాల్లో టీవీ పక్కన పెట్టింది. తన మాట వల్లే నలుగురు బతికారని నమ్మింది. ఆమెకి నేను ఏమీ చెప్పలేదు.

తర్వాత ఆ కంపెనీ మానేసి దమ్మామ్‌లో ఒక గోడౌన్ల కంపెనీలో చేరాను. పోయిన సంవత్సరం అక్కడ హాజరుకి ముఖం చూపించే మిషన్లు పెట్టాం. అందరూ వరసలో వచ్చి ముఖాలు నమోదు చేయించుకుంటున్నారు. నేను పక్కన నిలబడి "కళ్లు తెరవండి, ఇటు చూడండి" అని చెబుతున్నాను. ఒక ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవర్ వంతు వచ్చింది. మిషన్ ముందుకి రానన్నాడు.

"నా మొఖం ఇయ్య."

"హాజరుకేనయ్యా, భయపడకండి" అన్నాను.

అతను ఠక్కున తలెత్తాడు. "ఆ మాటనే. మళ్లొకపారి అనుండ్రి."

నాకు అర్థం కాలేదు.

"భయపడకండి. మీరు చెప్పేది నర్సుకి తప్ప ఇంకెవరికీ తెలియదు," అని నా యాసలోనే, నా రాగంలోనే అప్పజెప్పాడు. వరసలో తెలుగువాళ్లు నవ్వారు. "మొఖం యాదికి రాలేదు గానీ సార్, గొంతు మర్వలేదు. రోజు పొద్దుగాల ఇన్న గొంతాయె."

ఆ క్రేన్ మనిషే. కార్డు టెస్టు రాయలేకపోయినవాడు. రెండేళ్లు ఊళ్లో ఉండి, మళ్లీ కొత్త వీసా మీద వచ్చి, ఇప్పుడు ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతున్నాడు. పెద్దన్న కొట్టిన పదకొండో నంబరు అతనిదేనని అప్పుడు గుర్తొచ్చింది. ఆ గడి అతని కోసమే పెంచాను.

టీ టైంలో నేనే అతని దగ్గరికి వెళ్లాను. పెద్దన్న ఎలా ఉన్నాడని అడిగాను.

"ఏమో సార్. ఆయనతోని మాట్లాడం. మీది మిషన్, దాన్నేమంటం? మనిషి చేసిండు. పోయిన యేడు బిడ్డ లగ్గం చేసిండు. ఇంటింటికి తిరిగి చెప్పిండు. పదకొండు మందిల ఒక్కరు పోలే. పిల్ల ముఖం చూసన్న పోదామంది మా ఆడిది. నేనే వద్దన్న."

టీ చల్లారిపోయింది. అప్పుడు కూడా నా నోరు పెగల్లేదు. రెండోసారి! "అలాగా" అని ఊరుకున్నాను.

ఇంటికి వెళ్లి నా భార్యకి మొత్తం చెప్పాను. వంటింట్లో నిలబడే వింది. చివరికి ఒకటే అంది.

"ఆ మాట మీకిచ్చింది నేను. నా మాటతో వాళ్లని పట్టిచ్చారా?"

"అప్పుడు పరిస్థితి..."

"నాకు చెప్పకండి పరిస్థితి. ఆ పరిస్థితిలో నేను వార్డులో ఉన్నాను. మంచాలు చాలనప్పుడు కూడా ఒక మనిషి జబ్బు సంగతి ఇంకొకడికి చెప్పలేదు. మీరు ఏసీలో కూర్చుని అమ్మారు."

షీల్డు తీసి చెత్తబుట్టలో వేసింది. నేను తీయబోతే, "ముట్టుకోకండి" అంది.

మర్నాడు పెద్దన్న నంబరు సంపాదించి ఫోన్ చేశాను. పొలంలో ఉన్నట్టున్నాడు, మోటారు శబ్దం వినిపిస్తోంది. నేనెవరో చెప్పనక్కర్లేకపోయింది. లిస్టు నేనే ఇచ్చానని, ఆ గడి నేనే పెట్టానని, బస్సు దగ్గర అబద్ధమాడానని చెప్పాను. క్షమించమన్నాను.  ఆయన మోటారు ఆపేశాడు.

"సార్, నాకు చెప్పి ఏం లాభం? నేను చెయ్యలేదని నాకెర్కలేదా? ఆ బస్సు కాడ చెప్తే అయిపోవు. నా బిడ్డ లగ్గానికి వండిన బువ్వ మిగిలింది సార్. నేను ఎన్నడు బువ్వ మిగిల్చినోన్ని కాదు."

ఫోన్ పెట్టబోయి మళ్లీ ఆయనే అన్నాడు.

"చెప్పాలనుకుంటే ఆళ్లకు చెప్పుండ్రి. పదకొండు మందికి. ఒక్కన్ని గూడ ఇడువకుండ్రి" అని పెట్టేశాడు.

పదకొండు మందికి చెప్పడం ఇక కుదరదు. ఒకతను అంతకు కొన్ని నెలల ముందే గుండెపోటుతో పోయాడు. పెద్దన్న ద్రోహి అనే అనుకుంటూ పోయాడు. అది నా ఖాతాలోదే. ఏ క్షమాపణా దాన్ని చెరపదు.

ముగ్గురు దమ్మామ్ గోడౌన్ల దగ్గరే ఒకే మెస్‌లో తింటున్నారు. శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళ దాటాక వెళ్లాను. ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవర్ తలుపు తీసి, "ఏంది సార్, ఇంటికొచ్చి ఫోటో తీస్తరా?" అన్నాడు. లోపలికి రమ్మన్నాడు గానీ, తినమనలేదు. నిలబడే చెప్పాను. ఎక్కడా ఆగకుండా చెప్పాను, ఆగితే మళ్లీ తప్పించుకుంటానని.

 అయిపోయాక ఒకతను గరిటె కింద పెట్టాడు.

"అంటే గిన్నేండ్లు ఆయన్ని మేము..."

"నువ్వు మమ్మల్ని ఇంటికి పంపింది ఒకెత్తు సార్" అన్నాడు ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవర్. ఎప్పుడూ మీరనేవాడు, ఆ రోజు నువ్వన్నాడు. "నౌకరీ పోతే ఇంకోటి దొరికింది. బస్సు కాడ నీ ముంగటనే ఆయన్ని తిట్టినం గద. ఇనుకుంట నిలవడ్డవ్. ఆ పాపం మాకు అంటవెట్టినవ్."

"అవును" అన్నాను.

"అవునంటే అయిపోయిందా? మిగిలినోళ్లకు ఎవలు చెప్తరు? మేం చెప్తే నమ్మరు."

"నా ఫోన్‌లో రికార్డు చేసి పంపుతాను. నా గొంతు వాళ్లకి తెలుసు."

"గిక్కడనే చెయ్యి. మా ముంగట. ఇంటికి పోయినంక మాట మారుస్తవ్."

వాళ్ల మధ్య, ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని మొదలుపెట్టాను. సగంలో కుక్కరు కూత పెట్టింది. "ఆగు ఆగు, ఇనవడది. మళ్ల మొదటి నుంచి చెప్పు" అన్నాడొకడు, లేచి పొయ్యి ఆపేశాడు. మళ్లీ మొదటి నుంచి చెప్పాను. ఆ రికార్డింగే మిగిలిన ఏడుగురికి, ఎక్కడున్నవాళ్లకి అక్కడికి, చనిపోయినతని భార్యకి, చివరగా పెద్దన్నకి పంపాను. అందులో ఉన్నది ఇది.

"అందరికీ నమస్కారం. ఈ గొంతు మీకు తెలుసు. కరోనా రోజుల్లో మీ ఫోన్లలో, మీరు చెప్పేది నర్సుకి తప్ప ఎవరికీ తెలియదని చెప్పింది నేనే. అది అబద్ధమని తెలిశాక కూడా మార్చకుండా మీకు రోజూ వినిపించింది నేనే. మీ పేర్లు కంపెనీకి ఇచ్చింది పెద్దన్న కాదు, నేను. మీలో ఎవరికైనా జ్వరమొస్తే మందు అందాలని ఆయన నర్సుకి చెప్పాడు. ఒక్కరిని కూడా వదలకూడదని గడులు చాలకపోతే నాకు ఫోన్ చేసి మరీ అడిగి చెప్పాడు. బస్సు దగ్గర ఆయన నన్ను సాక్ష్యం అడిగితే, తెలీదని అబద్ధమాడాను. మీరు ఆయన్ని వెలివేసింది నా అబద్ధం వల్ల. నన్ను మీరు తిట్టండి, ఆయనతో మాట్లాడండి. ఆయన ఇంటికి వెళ్లి తినండి. అన్నా, ఆ రోజు మీకివ్వాల్సిన జవాబు ఇది. ఆలస్యం చేశాను. తప్పు నాది. నన్ను క్షమించండి."